నాన్న రక్తంలో నాలుగు కణాలు: బీరువాలో దాచిన ఆ రిపోర్టు గురించి

ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. వయసు 34, స్కూల్లో టీచరు. వాళ్ల నాన్నగారికి 63, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నిరుడు మలంలో రక్తం పడుతుంటే మొలలనుకుని కొన్నాళ్లు నాటు మందు వాడారు. చివరికి కొలనోస్కోపీ చేస్తే పెద్ద పేగు చివరి భాగంలో గడ్డ బయటపడింది. ఆపరేషన్‌లో తీసిన 16 లింఫ్ గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ ఉంది. మూడో స్టేజి, రిపోర్టులో టి3 (గడ్డ పేగు గోడలోని కండరాన్ని దాటిందని), ఎన్1 (ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకిందని) అని రాశారు. తర్వాత మూడు నెలల్లో నాలుగు సైకిళ్ల కీమో అయింది: ఆక్సాలిప్లాటిన్ సెలైన్, కేపసైటబీన్ మాత్రలు. స్కాన్ శుభ్రంగా వచ్చింది. పేగు క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే సి.ఇ.ఎ. అనే ప్రొటీన్ 2.1, అంటే మామూలుగానే ఉంది. "ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి" అన్నారు డాక్టరు.

అక్కడితో ఇల్లు కుదుటపడాల్సింది. అమెరికాలో ఉన్న అన్నయ్య 'రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల పరీక్ష' ఒకటుందని తెలుసుకుని డబ్బు కట్టారు. ల్యాబ్ మనిషి ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లాడు. వారం తర్వాత రిపోర్టు ఈమె మెయిల్‌కి వచ్చింది. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో 4 కణాలు, పక్కన ఎర్ర అక్షరాల్లో 'హై రిస్క్'. రాత్రంతా ఫోన్‌లో వెతికితే, మూడు అంతకంటే ఎక్కువ కణాలుంటే 9.4 నెలలు అన్న లెక్క దొరికింది. క్యాలెండర్ తీసి నెలలు లెక్కపెట్టుకున్నారు. రిపోర్టు ప్రింటు తీసి బీరువాలో అమ్మ చీరల కింద పెట్టారు. నాన్నగారు రోజూ సాయంత్రం "ఆ రక్తప్పరీక్ష ఏమైందమ్మా?" అని అడుగుతున్నారు. "ఇంకా రాలేదు నాన్నా" అని ఈమె చెబుతున్నారు. కీమో సగంలో ఆపేశారు, మిగతా మూడు నెలలూ ఇప్పించాల్సిందే అని అన్నయ్య పట్టు. బాబాయి నెలకి పన్నెండు వేలయ్యే ఇమ్యూనిటీ పొడి డబ్బాలు తెచ్చి పెట్టారు. భర్త ఆ కాగితం చించి పారేయమంటున్నారు. డాక్టరు అపాయింట్‌మెంట్‌కి ఇంకా మూడు వారాలుంది. "నాన్నకి ఎంత టైముంది? కీమో మళ్లీ పెట్టించాలా? ఆయనకి చెప్పాలా వద్దా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందు ఆ 9.4 నెలల సంగతి తేల్చుకుందాం. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే. ఆ అంకె మీ నాన్నగారిది కాదు.

ఆ లెక్క 2008లో అచ్చయిన ఒక పరిశోధన నుంచి వచ్చింది. అందులో 430 మంది ఉన్నారు. వాళ్లందరికీ పెద్ద పేగు క్యాన్సర్ అప్పటికే లివర్‌కో ఊపిరితిత్తులకో ఇంకెక్కడికో పాకింది, స్కాన్‌లో కళ్లకు కనబడుతోంది. అలాంటివాళ్లలో వైద్యం మొదలుపెట్టే ముందు రక్తం తీసి చూశారు. మూడు కంటే తక్కువ కణాలున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 18.5 నెలలు, మూడు అంతకంటే ఎక్కువున్నవాళ్లది 9.4 నెలలు. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలమే ఉన్నారని. పైగా అది దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మందుల కాలం.

మీ నాన్నగారికి గడ్డ తీసేశారు. స్కాన్‌లో ఎక్కడా ఏమీ లేదు. ఆయన ఆ 430 మందిలోకి రారు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు శ్రీశైలం ఘాట్ రోడ్డు టైము షీటు చూసి చీరాల బస్సు ఎప్పుడొస్తుందో చెప్పమంటే ఏమనేవారో ఆలోచించండి. ఆ రాత్రి మీరు చేసింది అలాంటి లెక్కే. తప్పు మీది కాదు. రిపోర్టు పంపినవాళ్లు 'మూడు కణాలు' అన్న ఆ గీత ఎవరి కోసం గీసిందో ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది.

మరి ఆయనకు దగ్గరగా ఉండే లెక్క ఏది? అన్నయ్య గొడవకి కూడా జవాబు అందులోనే ఉంది. మూడో స్టేజి వాళ్లకి కీమో మూడు నెలలు చాలా, ఆరు నెలలు కావాలా అని తేల్చడానికి పలు దేశాల్లో ఆరు ట్రయల్స్ చేసి, 12,834 మంది ఫలితాలు కలిపి 2018లో ప్రచురించారు. దాని పేరు ఐడియా. మీ నాన్నగారిలా గడ్డ టి3 దాటకుండా, మూడు గ్రంథులకు మించి పాకకుండా ఉన్నవాళ్లని విడిగా చూస్తే, మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు మూడు నెలల కీమోతో 83.1 శాతం, ఆరు నెలలతో 83.3 శాతం. తేడా లేనట్టే. తేడా కనబడింది చేతుల్లో, కాళ్లలో. మీ నాన్నగారికిచ్చిన మందులే ఆరు నెలలు వాడినవాళ్లలో 45 శాతం మందికి చెప్పుకోదగ్గ తిమ్మిర్లు, నరాల దెబ్బ వచ్చాయి. మూడు నెలల వాళ్లలో అది 15 శాతమే.

కాబట్టి మీ డాక్టరు కీమో సగంలో ఆపలేదు. అదే పూర్తి కోర్సు. అన్నయ్యకి ఈ మాట ఇలాగే చెప్పండి.

మీ ఉత్తరంలో ఒక చోట రాశారు: నాన్న చొక్కా గుండీలు పెట్టుకోలేక అమ్మని పిలుస్తున్నారని, ఫ్రిజ్ నీళ్ల గ్లాసు ముట్టుకుంటే వేళ్లకి కరెంటు కొట్టినట్టుంటోందని, మొన్న చిల్లర లెక్కపెట్టబోతే రూపాయి బిళ్ల ఏదో రెండు రూపాయల బిళ్ల ఏదో వేళ్లకు తెలియలేదని. అది ఆక్సాలిప్లాటిన్ పని. ముప్ఫై ఏళ్లు చీకట్లో కూడా వేలి కొసలతో చిల్లర గుర్తుపట్టిన మనిషి ఆయన. చల్లదనానికి వచ్చే ఆ షాక్ చాలామందిలో తగ్గిపోతుంది. తిమ్మిరి మాత్రం నెలలు పడుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. ఇంకో మూడు నెలల మందంటే ఆ వేళ్లనే మళ్లీ పణంగా పెట్టడం. నాలుగు కణాలు కనబడ్డాయని ఇలాంటి మనిషికి కీమో పొడిగిస్తే మేలు జరుగుతుందని చూపించిన ట్రయల్ లేదు.

జబ్బు పాకినవాళ్లలో ఈ కణాల లెక్కని బట్టి వైద్యం మార్చి చూసినవాళ్లు లేకపోలేదు. రొమ్ము క్యాన్సర్ పాకినవాళ్లలో, మొదటి కీమో సైకిల్ తర్వాత కూడా ఈ కణాలు తగ్గకపోతే వెంటనే మందు మార్చి చూశారు. 2014లో ఫలితం వచ్చింది. మార్చినందువల్ల ఆయుష్షు పెరగలేదు. పేగు క్యాన్సర్ పాకి, రక్తంలో మూడు అంతకంటే ఎక్కువ కణాలున్నవాళ్లకి స్పెయిన్‌లో ఘాటైన కీమో ఇచ్చి చూశారు. జబ్బు పెరగకుండా ఆగిన కాలం 9.3 నెలల నుంచి 12.4 నెలలకి పెరిగింది. మొత్తం ఆయుష్షులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ కణాలు 'ఈ జబ్బు మొండిది' అని చెప్పగలుగుతున్నాయి. 'అయితే ఇదిగో, ఇలా చేయండి' అని చెప్పలేకపోతున్నాయి. ఆ పరీక్షకి ఉన్న పెద్ద లోటు ఇదే.

ఇక ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఏడున్నర మిల్లీలీటర్లంటే స్పూనున్నర రక్తం. అందులో ఎర్ర కణాలే సుమారు మూడు వేల కోట్లు, తెల్ల కణాలు కొన్ని కోట్లు. అందులో నాలుగింటిని వెతికి పట్టుకున్నారు. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2007లో పాకిన పేగు క్యాన్సర్‌కి అనుమతించిన పద్ధతిలో, సన్నటి ఇనుప రేణువులకి యాంటీబాడీ అంటించి రక్తంలో కలుపుతారు. ఆ యాంటీబాడీ శరీరంలోని పొరల కణాల మీదుండే ఒక ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. తర్వాత అయస్కాంతంతో లాగి, రంగులేసి, ఫొటోలు తీసి, చివరికి ఒక మనిషి కూర్చుని ఏది క్యాన్సర్ కణం, ఏది కాదు అని ఏరతారు. ఇంత తక్కువ అంకెలతో ఒక చిక్కుంది. అదే చేతి నుంచి అదే నిమిషంలో ఇంకో ట్యూబు తీసినా రెండే రావచ్చు, ఆరూ రావచ్చు. అంత తేడా కేవలం ఏ చుక్క ఏ ట్యూబులో పడిందన్నదాన్ని బట్టే వచ్చేస్తుంది. మూడు అనే గీతకి అటు రెండు, ఇటు నాలుగు. క్యాన్సర్ లేకుండా పేగు వాపు జబ్బులున్న కొందరి రక్తంలో కూడా ఈ పరీక్షకి చిక్కే కణాలు కనబడ్డాయి. పైగా మీ రిపోర్టులో ఏ పద్ధతో రాయలేదన్నారు. వేరే యంత్రంతో లెక్కపెట్టి ఉంటే ఆ 'మూడు' గీత దానికి వర్తించనే వర్తించదు. ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

సరే, అవి నిజంగా క్యాన్సర్ కణాలే అనుకుందాం. పేగు నుంచి వచ్చే రక్తంలో చాలా భాగం ముందు లివర్‌లోకి వెళ్లి వడపోత అయ్యాకే మిగతా ఒంట్లోకి వస్తుంది. పేగు క్యాన్సర్‌లో చేతి నరం నుంచి తీసిన రక్తంలో ఈ కణాలు తక్కువగా దొరకడానికి అదొక కారణం. దొరికినవి ఎంతసేపు బతుకుతాయంటే, చాలావాటికి గంటల లెక్కే. రక్తం తోపుడికి చితికిపోతాయి, తెల్ల కణాలు మింగేస్తాయి. చల్లిన గింజలన్నీ మొలవవు. కానీ గింజలు కనబడుతున్నాయంటే ఎక్కడో చెట్టుందేమో అన్న అనుమానం న్యాయమైనదే. దాన్ని నేను కొట్టిపారేయను. గడ్డ తీసేసిన తర్వాత కూడా ఈ కణాలు కనబడినవాళ్లలో జబ్బు కొంచెం ఎక్కువగా తిరగబెట్టిందని చెప్పిన అధ్యయనాలున్నాయి. అందుకే మీ వారు అన్నట్టు చించి పారేయమని నేను చెప్పను. చించేస్తే కాగితం పోతుంది, మీ మనసులోంచి పోదు. మూడో స్టేజి అన్నప్పుడే ఆయనకి తిరగబెట్టే ప్రమాదం కొంత ఉంది. పైన చెప్పిన 83 శాతం పోను వందలో మిగిలిన పదిహేడు మంది కూడా మనుషులే. మూడు నెలలకోసారి రమ్మన్నది అందుకే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. డాక్టర్ని కలిసేదాకా ఆ మూడు వారాలూ ఆగవచ్చు. ఈ రిపోర్టు వల్ల ఆ లోపు కొంప మునిగేదేమీ లేదు. బరువు హఠాత్తుగా తగ్గడం, కడుపులో నొప్పి, మళ్లీ రక్తం పడటం, కామెర్లు లాంటివి కనబడితే మాత్రం ఆగకండి. అప్పటిదాకా మీ మనసు నిలబడేలా లేకపోతే ఆసుపత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ముందుకు జరపమని అడగండి. ఎలా వెళ్లినా రిపోర్టు తీసుకెళ్లండి. 'మమ్మల్ని అడక్కుండా ఎందుకు చేయించారు' అని డాక్టరు విసుక్కోవచ్చు, పడండి. విసుగు తర్వాత ఆయన చేసేది బహుశా ఇది: సి.ఇ.ఎ. మళ్లీ చేయించి పాతదానితో పోల్చడం, అనుమానముంటే స్కాన్ కొంచెం ముందుకు జరపడం. సి.ఇ.ఎ. అంత గొప్ప పరీక్షేం కాదు. పొగ తాగేవాళ్లలోనూ పెరుగుతుంది. కానీ అది పెరుగుతూ పోతే తర్వాత ఏం చేయాలో అందరికీ తెలుసు: స్కాన్ తీస్తారు, లివర్‌లో ఒకటో రెండో మచ్చలు తొందరగా దొరికితే ఆపరేషన్‌తో తీసేసి నయం చేసే అవకాశం కొందరికి ఉంటుంది. డాక్టర్ని సూటిగా ఒక మాట అడగండి: "ఈ అంకె నాలుగు కాకుండా సున్నా వచ్చి ఉంటే, మీరు చేసేదాంట్లో ఏమైనా మారేదా?"

ఇదే పరీక్ష మళ్లీ చేయించాలని అన్నయ్య అనవచ్చు. చేయించుకోవచ్చు, నేరమేం కాదు. అయితే రక్తం ఇచ్చే ముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి, సున్నా వస్తే ఏం చేస్తాం, ఏడు వస్తే ఏం చేస్తాం అని. రెండింటికీ జవాబు 'అదే చెకప్, అదే స్కాన్' అయితే ఆ డబ్బుతో ఇంకో రెండు వారాల టెన్షన్ కొనుక్కున్నట్టే.

దీనికంటే ఎక్కువ నమ్మకంగా పనిచేస్తున్న రక్తపరీక్ష ఇంకోటుంది. కణాలని కాకుండా, గడ్డ నుంచి రక్తంలోకి రాలే డి.ఎన్.ఎ. ముక్కల్ని పట్టుకుంటుంది. ఆస్ట్రేలియాలో రెండో స్టేజి వాళ్లలో దీన్ని చూసి కీమో ఇవ్వాలా వద్దా తేలిస్తే, కీమో పడినవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు. జబ్బు మాత్రం ఎక్కువగా తిరగబెట్టలేదు. ఇది 2022లో వచ్చింది. ఎక్కువమందికి అనవసరమైన మందు తప్పించడంలో దాని మేలు కనబడింది. కానీ మీ అన్నయ్య అడిగే ప్రశ్నకి జవాబు అక్కడా అంత తీపిగా లేదు. మూడో స్టేజిలో ఇది పాజిటివ్ వచ్చినవాళ్లకి కీమో పెంచి చూస్తే లాభం కనబడలేదని 2025లో తేలింది. ఖర్చు కూడా ఎక్కువ. చేయించదలచుకుంటే ఈసారి డాక్టరు చెప్పి రాయిస్తేనే చేయించండి, మెయిల్ మీ ఒక్కరికే వచ్చేలా వద్దు.

బాబాయి తెచ్చిన పొడి గురించి రెండే మాటలు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందని చూపించిన పొడి ఏదీ లేదు. ఏమేం దినుసులు కలిపారో డబ్బా మీద పూర్తిగా రాయని పొడి లివర్‌ని దెబ్బతీస్తే, ఆ తేడాని డాక్టర్లు జబ్బనుకునే ప్రమాదం ఉంది. బాబాయి ప్రేమతోనే తెచ్చారు కాబట్టి ఆయన్ని నొప్పించకుండా, డబ్బా డాక్టరుకి చూపిస్తామని చెప్పి పక్కన పెట్టండి.

నెలకి పన్నెండు వేలు పెట్టకుండానే చేయదగ్గ పనొకటుంది. మీ నాన్నగారిలా ఆపరేషన్, కీమో రెండూ అయిపోయిన 889 మందితో ఒక ట్రయల్ జరిగింది. ఎక్కువమంది కెనడా, ఆస్ట్రేలియాల వాళ్లు. సగం మందికి వ్యాయామం మంచిదని పుస్తకమిచ్చి పంపారు. మిగతా సగాన్ని మూడేళ్లపాటు ఒక శిక్షకుడు వెంటపడి నడిపించాడు. 2025లో ఫలితాలు వచ్చాయి. ఎనిమిదేళ్లకి బతికున్నవాళ్లు పుస్తకం వాళ్లలో 83.2 శాతం, నడిచినవాళ్లలో 90.3 శాతం. చేసిందల్లా అప్పటిదాకా చేస్తున్నదానికి అదనంగా వారంలో మూడు నాలుగు రోజులు, ముప్పావు గంట చొప్పున వేగంగా నడవడం లాంటిదే. నాన్నగారి కాళ్లకి తిమ్మిరి ఉంది కాబట్టి చెప్పులతో కాదు, మెత్తటి బూట్లు, సాక్సు వేసి, చదునైన చోట, మొదట పది నిమిషాలతో మొదలుపెట్టండి. ముందు డాక్టర్ని ఒక మాట అడగండి. అన్నయ్య డబ్బు పంపాలనే అనుకుంటే బూట్లకి పంపమనండి. అన్నయ్యకి ఇంకో మాట కూడా చెప్పండి: తండ్రికి ఈ జబ్బు వచ్చింది కాబట్టి నలభై దాటిన అన్నయ్య ఇప్పుడే, మీకు నలభై రాగానే మీరు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆయనకిప్పుడు 41 అన్నారు. ఈ ఇంట్లో ఇంకా చేయించని అవసరమైన పరీక్ష అది.

మిగిలింది బీరువా.

చెప్పకపోతే ఏమవుతుందో మీరే రాశారు. సాయంత్రం అయ్యేసరికి ఆయన ఎదురుపడకుండా వంటింట్లోకి వెళ్లిపోతున్నారు. వార్డులో నేను చూసిన పెద్దవాళ్లలో చాలామంది ఇలాంటి దాపరికాన్ని పసిగట్టేశారు. పిల్లలు బాధపడతారని తెలియనట్టు ఉండిపోయేవారు. మీ నాన్నగారు రోజూ డ్యూటీ దిగేముందు టికెట్లకీ డబ్బుకీ లెక్క సరిపోయిందో లేదో చూసుకున్న మనిషి. వారంలో వస్తుందన్న రిపోర్టు నెలకి కూడా రాలేదంటే ఆయన నమ్మరు. పైగా అసలు కంటే ఘోరమైనదేదో ఊహించుకుంటూ ఉంటారు. ఇక్కడ అసలు అంత ఘోరంగా కూడా లేదు. చెబితే ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు, మీ మీద కోపమూ రావచ్చు. ఆ కోపం న్యాయమైనదే. సగం చెప్పడమూ ఒక దారే: "రిపోర్టు వచ్చింది, ఏదో తేడా ఉంది, అర్థం కాలేదు, డాక్టరు దగ్గరే విందాం" అని. ఆయన మనసు ఇప్పుడు బాగా డీలాపడి ఉంటే ఇదే మేలు. కానీ అపాయింట్‌మెంట్ గదిలో ఆయనకి మొదటిసారి తెలిసేలా మాత్రం చేయకండి. మీరూ డాక్టరూ కలిసి దాచారనుకుంటే ఇక ఇద్దర్నీ నమ్మరు.

నన్నడిగితే మొత్తం చెప్పమంటాను. రక్తం ఆయనది. మొదటి అబద్ధం గురించే ముందు చెప్పండి: "నాన్నా, అది వచ్చి చాలా రోజులైంది. భయపడి దాచాను." తర్వాత నాలుగు కణాలని చెప్పండి. 9.4 గురించి ఆయన అడిగితే తప్ప ఎత్తకండి. అది ఆయన లెక్క కాదు కదా. మీ నోటితో చెప్పలేననుకుంటే ఈ పేజీ చదివి వినిపించండి, అమ్మని కూడా కూర్చోబెట్టుకుని. ఆయన ప్రశ్నలడిగితే ఒక కాగితం మీద ఆయన చేతే రాయించండి. వేళ్లు తిమ్మిరిగా ఉంటే ఆయన చెబుతుంటే మీరు రాయండి. డాక్టరు దగ్గరికి రిపోర్టుతో పాటు ఆ కాగితమూ తీసుకెళ్లండి.